యాప్ రాయించాలి, ఏ ఏఐ టూల్ పట్టుకోవాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఏఐ కోడింగ్ టూల్స్ మీద చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఉన్నది ఒకే వాక్యం: "వీటిలో ఏది మంచిది?" చేయాల్సిన పనేమిటో తెలియకుండా టూల్ పేరు చెప్పలేం. అందుకే పని వివరంగా రాసినవాళ్ల ఉత్తరాలే ఈసారి తీసుకున్నాం. ధరలు, ఉచిత కోటాలు తరచూ మారుతున్నాయి. డబ్బు కట్టే రోజున ఆయా కంపెనీల పేజీలో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పాల సేకరణ కేంద్రం. పూటకు అరవై మంది పాలు పోస్తారు. లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) పుస్తకంలో రాసుకుని పదిహేను రోజులకొకసారి లెక్క కడతాం. మా చెల్లెలి కొడుకు బీటెక్ చేసినాడు, ఏఐతో యాప్ చేసిస్తానంటున్నాడు. కోపైలట్, కర్సర్, క్లాడ్ కోడ్, లవబుల్ అని ఏవేవో పేర్లు చెప్తాడు. దేనికి డబ్బు కట్టమంటారు సార్?

జవాబు: ఆ నాలుగూ ఒక జాతివి కావు. గిట్‌హబ్ కోపైలట్ 2021లో వచ్చినప్పుడు, ప్రోగ్రామర్ రాస్తున్న వరుసను పూర్తి చేసిపెట్టేది. ఇప్పుడు ఫైళ్లు తానే మార్చే ఏజెంట్ పద్ధతీ అందులో ఉంది. ఇప్పటికే కోడ్ రాసుకుంటున్న ఎడిటర్‌లోనే తగిలించుకోవచ్చు. కర్సర్ అయితే ఎడిటరే వేరు. చాలామంది వాడే వీఎస్ కోడ్ ఎడిటర్ మీద కట్టిందే కాబట్టి చేయి తిరగడానికి ఎక్కువ రోజులు పట్టదు. క్లాడ్ కోడ్, ఓపెన్‌ఏఐ కోడెక్స్, జెమిని సీఎల్ఐ నల్లటి టెర్మినల్ కిటికీలో నడిచే రకం. పని చెప్తే ఫైళ్లు వెతికి, మార్చి, ప్రోగ్రామ్ నడిపి, వచ్చిన ఎర్రర్ చదివి మళ్లీ సరిచేస్తాయి. లవబుల్, బోల్ట్, రెప్లిట్ వంటివి బ్రౌజర్లోనే మొత్తం కట్టిచ్చేవి. గంటలో తెర మీద బొమ్మ కనబడుతుంది. అందుకే కోడ్ రానివాళ్లు మొదట వాటి వైపే వెళ్తారు.

మీ పనికి బ్రౌజర్ రకం వద్దు. లవబుల్ ఇచ్చేది వెబ్ యాప్, దాని డేటా ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. తెల్లవారి ఐదున్నరకు క్యాన్లతో జనం వరుసలో నిలబడి ఉంటే, సిగ్నల్ పోయి తెర మీద చక్రం తిరుగుతూ కూర్చుంటే ఆ పూట మళ్లీ పుస్తకమే గతి. మీకు కావాల్సింది ఫోన్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో రాసుకుని, నెట్ వచ్చినప్పుడు పైకి పంపే ఆండ్రాయిడ్ యాప్. మొబైల్ యాప్‌లు కట్టే ఫ్లట్టర్‌లో చేయించండి. అబ్బాయికి కోడ్ చదవడం వచ్చు కాబట్టి కర్సర్ అయినా, క్లాడ్ కోడ్ అయినా సరిపోతుంది. రెండింట్లో ఒకటి ఒక నెలకే కట్టండి. ఏడాది ప్లాన్ చవకగా కనిపించినా తొందరపడొద్దు.

టూల్ సంగతి అంతే. యాప్ చెడేది లెక్క దగ్గర. "ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ బట్టి రేటు కట్టే యాప్ రాయి" అంటే ఏ టూలైనా ఏదో ఒక సూత్రం తనంతట తాను పెట్టేస్తుంది. మీ డెయిరీ సూత్రం అదే అవ్వాలని లేదు. ఒక చీటీ తీసుకుని చూద్దాం: 8.4 లీటర్లు, ఫ్యాట్ 4.2 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 శాతం. కిలో ఫ్యాట్‌కు రూ.320, కిలో ఎస్‌ఎన్‌ఎఫ్‌కు రూ.210 అనుకుందాం. లీటరు పాలు కిలో కంటే కొంచెం బరువు. 1.03తో హెచ్చిస్తే 8.652 కిలోలు. అప్పుడు ఫ్యాట్‌కు 116.28, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు 154.44, మొత్తం రూ.270.72. ఆ హెచ్చింపు మర్చిపోయిన ప్రోగ్రామ్ రూ.262.84 చూపిస్తుంది. ఒక్క చీటీలో రూ.7.88 తేడా. తెర మీద అన్నీ చక్కగా ఉంటాయి, ఎర్రర్ రాదు, పదిహేనో రోజున గొడవ వస్తుంది. ల్యాక్టోమీటర్ రీడింగ్ నుంచి ఎస్‌ఎన్‌ఎఫ్ కట్టేచోటా ఇదే తంటా. సూత్రం చివర కలిపే అంకె కొన్నిచోట్ల 0.36, కొన్నిచోట్ల 0.44, ఒకదాని బదులు ఇంకొకటి పడితే అవే పాలకు ఎస్‌ఎన్‌ఎఫ్ 0.08 మారిపోతుంది. డెయిరీ వాళ్లు సూత్రం కాకుండా అచ్చు వేసిన రేటు చార్టు ఇచ్చి ఉంటే సూత్రం జోలికే పోవద్దు. చార్టును పట్టికగా ఎక్కించి అందులోంచి తీయమనండి.

కాబట్టి మొదటి రోజు కోడ్ రాయించకండి. పాత పుస్తకంలోంచి ఇరవై చీటీలు ఎంచండి. అందులో ఆవు పాలు, గేదె పాలు రెండూ ఉండాలి, ఫ్యాట్ బాగా తక్కువ వచ్చినవీ, వెనక్కి పంపేసినవీ ఉండాలి. వాటిని ఎక్సెల్‌లో కొట్టి, చేత్తో కట్టిన మొత్తం పక్క గడిలో పెట్టండి. టూల్‌కు చెప్పాల్సిన మాట ఇలా ఉంటే చాలు: "ఈ ఫైల్‌లోని 20 చీటీలకూ మొత్తం పైసలతో సహా సరిపోయే లెక్క ఫంక్షన్ మాత్రమే రాయి. తెరలు ఇప్పుడు వద్దు. ఒక్కటి తేడా వచ్చినా ఏ చీటీయో చూపించు. ఫైల్‌లోని అంకెలు మార్చొద్దు." చివరి వాక్యం తప్పనిసరి. పరీక్ష గట్టెక్కడానికి పరీక్షనే దిద్దేసే అలవాటు ఈ టూల్స్‌కు ఉంది.

డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచమనండి, దశాంశంగా వద్దు. చీటీ చీటీకీ రౌండ్ చేయాలా, పదిహేను రోజుల మొత్తం మీద ఒకసారా అన్నది కూడా మీరే చెప్పాలి. పుస్తకంలో ఎలా చేస్తున్నారో యాప్‌లోనూ అలాగే. ఇంకొకటి, ప్రతి చీటీకి గుర్తింపు సంఖ్య ఫోన్‌లోనే పుట్టాలి. అది సర్వర్ ఇచ్చేటట్టు రాస్తే, సిగ్నల్ మధ్యలో తెగినప్పుడు ఫోన్ అదే చీటీని రెండోసారి పంపుతుంది, ఆ రైతు ఖాతాలో పాలు రెండింతలవుతాయి. యూయూఐడీ (రెండోసారి రాని గుర్తింపు సంఖ్య) వాడమంటే టూల్‌కు అర్థమవుతుంది. యాప్ వచ్చాక కూడా రెండు బిల్లుల పాటు పుస్తకం ఆపొద్దు.

ప్రశ్న: తిరుపతిలో ఎంసీఏ చదువుతున్నాను. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. నెలకు 20 డాలర్లు నా వల్ల కాదు. ఉచితంగా ఏది దొరుకుతుంది? మోడల్‌ను నా ల్యాప్‌టాప్‌లోనే నడిపితే ఖర్చు ఉండదంటున్నారు, నిజమేనా?

జవాబు: 8 జీబీలో ఆ ముచ్చట తీరదు. మోడళ్లను సొంత ల్యాప్‌టాప్‌లో నడిపే ఒల్లామాలో దొరికే క్వెన్ 2.5 కోడర్ 7బీ మోడల్ ఫైలే 4.7 జీబీ. విండోస్, బ్రౌజర్, ఎడిటర్ కలిసి మిగతాదంతా తినేస్తాయి, ల్యాప్‌టాప్ డిస్కు మీద పడి పాకుతుంది. అందులోనే చిన్నదైన 1.5బీ రకం ఒక జీబీ లోపే ఉంటుంది, నడుస్తుంది. కానీ వరుస పూర్తి చేయడానికే పనికొస్తుంది, నాలుగు ఫైళ్లు కలిపి మార్చమంటే తడబడుతుంది.

ముందు కాలేజీ మెయిల్ ఐడీతో, విద్యార్థులకు టూల్స్ ఉచితంగా ఇచ్చే గిట్‌హబ్ ఎడ్యుకేషన్‌కు దరఖాస్తు పెట్టండి. గుర్తింపు కార్డు ఫొటో అడుగుతారు. కార్డు మీద పేరు, గిట్‌హబ్ ప్రొఫైల్‌లో పేరు ఒకేలా లేకపోతే తిప్పి పంపుతారు. ఇంటిపేరు ముందు రాయడం, వెనక రాయడం దగ్గరే చాలామందికి దెబ్బ పడుతుంది. అది దొరక్కపోయినా కోపైలట్‌లో ఉచిత పద్ధతి ఉంది. 2024 డిసెంబరులో మొదలుపెట్టినప్పుడు నెలకు 2,000 సూచనలు, 50 చాట్‌లు ఇచ్చారు. జెమిని సీఎల్ఐ 2025 జూన్‌లో వచ్చింది, గూగుల్ ఖాతాతో ఉచిత కోటా ఇస్తూ మొదలుపెట్టారు. ఈ రెండూ కలిపితే ప్రాజెక్టు వర్కుకు సరిపోతుంది. ఉచిత ప్లాన్లలో మీ కోడ్‌ను శిక్షణకు వాడుకునే సెట్టింగ్ తెరిచే ఉండొచ్చు, మొదటి రోజే చూసి మూసేయండి.

ఎప్పుడైనా 20 డాలర్ల ప్లాన్ తీసుకుంటే, 18 శాతం జీఎస్టీ, కార్డు మీద విదేశీ మారకం ఛార్జీ కలిసి రెండు వేల పైమాటే. కొన్ని డెబిట్ కార్డుల మీద రెండో నెల ఆటోమేటిక్‌గా డబ్బు వెళ్లదు, ఈ-మాండేట్ (ప్రతి నెలా కోతకు ముందస్తు అనుమతి) అడుగుతుంది. పరీక్షల ముందు నెలలో ప్లాన్ ఆగిపోతే ఇబ్బంది కాబట్టి ఇది తెలిసి ఉండాలి.

ప్రశ్న: తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన సెకనులోనే మా కస్టమర్లకు బుక్ అయ్యేలా బాట్ రాయించుకోవచ్చా? ఏ టూల్ బాగా రాస్తుంది?

జవాబు: రాయించొద్దు. అది వరుసలో నిలబడ్డ భక్తులను తోసుకుని ముందుకెళ్లే ప్రోగ్రామ్. పట్టుబడితే కేసు మీ మీదకు వస్తుంది, టూల్ మీదకు కాదు. మీ ట్రావెల్స్‌కు నిజంగా పనికొచ్చేది విడుదల తేదీ, సమయం కస్టమర్‌కు ముందు రోజు గుర్తు చేసే చిన్న మెసేజ్ ప్రోగ్రామ్. అది ఏ టూలైనా ఒక పూటలో రాసిస్తుంది. బుకింగ్ వాళ్ల ఫోన్‌లో వాళ్లే చేసుకుంటారు.

ప్రశ్న: తిరుపతి బస్టాండు చుట్టుపక్కల చిన్న లాడ్జీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తుంటాను. ఓనర్లు బిల్లు తెలుగులో కావాలంటున్నారు. తెర మీద బాగానే ఉంది, పీడీఎఫ్‌లోకి వచ్చేసరికి "శ్రీ" విడిపోతోంది, ఒత్తులు పక్కకు పడుతున్నాయి. రెండు ఏఐ టూల్స్‌తో వారం రోజులు కొట్టుకున్నాను. ప్రతిసారీ ఇంకో ఫాంటు పెట్టమంటాయి.

జవాబు: ఫాంటుది తప్పు కాదు. మీరు ఇరవై ఫాంట్లు మార్చినా "శ్రీ" అలాగే ఉంటుంది. కంప్యూటర్ లోపల "శ్రీ" ఒక అక్షరం కాదు: శ, పొల్లు, ర, ఈత్వం, మొత్తం నాలుగు. వాటిని చూసి ఇక్కడ క్రావడి పెట్టాలి, గుడి దీర్ఘం ఇక్కడ తగిలించాలి అని నిర్ణయించే పనిని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లోపల హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ పని చేస్తుంది, అందుకే తెర మీద బాగుంది. జేఎస్‌పీడీఎఫ్, పాత ఎఫ్‌పీడీఎఫ్, డాంపీడీఎఫ్ వంటివి షేపింగ్ చేయవు, నాలుగు గుర్తులనూ వరుసగా పరిచేస్తాయి. ఇంగ్లిష్‌కు ఈ బాధ లేదు. టూల్స్ నేర్చుకున్న ఉదాహరణలు ఎక్కువ ఇంగ్లిష్‌వే కాబట్టి అక్షరం చెడిందంటే ఫాంటు అనుకుంటాయి.

దారులు మూడు. బిల్లును హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి పపెటీర్ అనే ప్రోగ్రామ్‌తో క్రోమ్ చేతే పీడీఎఫ్ చేయించడం అన్నిటికంటే నమ్మకం. సర్వర్‌లో మెమరీ కొంచెం ఎక్కువ తింటుంది, అంతే. పైథాన్ వాడుతుంటే వీజీప్రింట్ సరిగ్గా చేస్తుంది. ఎఫ్‌పీడీఎఫ్2 వదలలేకపోతే అందులో టెక్స్ట్ షేపింగ్ అనే సెట్టింగ్‌ను ఆన్ చేయాలి, దానికి యూహార్ఫ్‌బజ్ ప్యాకేజీ కూడా ఇన్‌స్టాల్ చేయాలి. టూల్‌తో "తెలుగు సరిగ్గా రావడం లేదు" అనకండి. "హార్ఫ్‌బజ్ షేపింగ్ లేని లైబ్రరీ వాడుతున్నాం, షేపింగ్ ఉన్నదానికి మార్చు, ఫాంటు నోటో సాన్స్ తెలుగు, దాన్ని ముట్టుకోవద్దు" అనండి. వారం పట్టింది గంటలో తేలుతుంది. పరీక్షకు "శ్రీ క్షేత్రం, స్త్రీ, రాష్ట్రం, వస్త్రం, జ్యేష్ఠ, కర్త" అన్న వరుసను అచ్చు వేసి చూడండి. పీడీఎఫ్ వచ్చిందా లేదా అన్నది టూల్ చూసుకోగలదు, ఒత్తు సరైన చోట పడిందా అన్నది మీ కళ్లే చూడాలి.

లాడ్జీ కౌంటర్లో చిన్న థర్మల్ ప్రింటర్ ఉంటే అది వేరే కథ. ఆ ప్రింటర్లలో చాలావాటి లోపల తెలుగు అక్షరాలే ఉండవు. టెక్స్ట్ పంపితే ప్రశ్నార్థకాలు, పిచ్చి గీతలు వస్తాయి. బిల్లును బొమ్మగా మార్చి పంపాలి. 58 మిల్లీమీటర్ల ప్రింటర్‌కు వెడల్పు 384 చుక్కలు, 80 మిల్లీమీటర్లదానికి సాధారణంగా 576. ఈ అంకె టూల్‌కు చెప్పకపోతే బిల్లు కుడి అంచు తెగిపోతుంది. బొమ్మను పూర్తిగా నలుపు తెలుపుల్లోకి మార్చమని కూడా చెప్పండి, బూడిద రంగు ఉంటే సన్నటి ఒత్తులు మాయమవుతాయి.

ఓనర్లు పాత బిల్లు పుస్తకం మేటర్ డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిస్తే, అది అను ఫాంట్లలో ఉండే అవకాశం ఎక్కువ. అది యూనికోడ్ కాదు. తెలుగులా కనిపించే వేరే గుర్తులు. కన్వర్టర్‌లో వేసి తేవాలి. ఏఐ టూల్‌కు నేరుగా ఇస్తే అది చదవలేకపోయినా ఊరుకోదు, ఊహించి ఏదో రాసేస్తుంది.

ప్రశ్న: శ్రీకాళహస్తి నుంచి కలంకారీ అమ్మే సైట్ చేయించాం. తెలుగులో "బెడ్‌షీట్" అని వెతికితే కొందరికి దొరుకుతోంది, కొందరికి దొరకదు. టూల్ అంతా సరిగ్గానే ఉందంటుంది.

జవాబు: కంటికి కనపడని గుర్తు ఒకటి మధ్యలో ఉంది. డ పొల్లు తర్వాత ష ఒత్తుగా మారకుండా ఉండటానికి కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు. దాని యూనికోడ్ సంఖ్య 200సీ. చదివేవాళ్లకు మాట ఒకటే, డేటాబేస్‌కు రెండు వేర్వేరు మాటలు. పేరు చూపించే గడిని అలాగే ఉంచి, వెతకడానికి ఇంకో గడి పెట్టించండి. అందులో దాచేటప్పుడూ, కొనేవాళ్లు టైప్ చేసిందాన్ని పోల్చేటప్పుడూ 200సీ, 200డీ రెండూ తీసేసి, ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో సరిచేయమనండి. చూపించే పేరులోంచి కూడా తీసేస్తే "బెడ్‌షీట్"లో ష డ కిందకు ఒత్తుగా దిగిపోతుంది. "సెట్", "టవల్" వంటి మాటలకు జనం రెండు మూడు రకాల స్పెల్లింగులు కొడతారు. అది ఈ గుర్తుతో తీరే సమస్య కాదు, ప్రతి సరుకుకూ మారుపేర్ల జాబితా పెట్టుకోవాలి.

ప్రశ్న: తిరుపతిలో ఆరుగురం కలిసి చిన్న కంపెనీ నడుపుతున్నాం. జాంగో (వెబ్ సర్వర్), ఫ్లట్టర్ (మొబైల్ యాప్) పనులు. అందరికీ ఒకే టూల్ కొనాలి. బెంచ్‌మార్క్ స్కోర్లు చూసి ఎంచుకోవచ్చా?

జవాబు: స్కోరు దేని మీద వచ్చిందో ముందు చూడండి. ఎక్కువగా చెప్పుకునే ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ వెరిఫైడ్ అనే పరీక్షలో 500 సమస్యలు, అన్నీ పైథాన్, మొత్తం 12 ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల నుంచి తీసుకున్నవి. అందులో సగానికి దగ్గరగా జాంగోవే. మీ జాంగో పనికి ఆ స్కోరు కొంతవరకు దారి చూపుతుంది, ఫ్లట్టర్‌కు చూపదు. పైగా అది చాలావరకు మోడల్‌కు వచ్చిన మార్కు. కర్సర్‌లోనూ కోపైలట్‌లోనూ ఒకే మోడల్‌ను ఎంచుకోవచ్చు. తేడా వచ్చేది ఏ ఫైళ్లు వెతికి మోడల్‌కు చూపించాయి, ఎన్నిసార్లు పరీక్షలు నడిపాయి అన్నచోట.

మీరే పోటీ పెట్టండి. గత మూడు నెలల్లో మీరు చేసిన పనుల్లోంచి పది తీసుకోండి: నాలుగు బగ్‌లు, నాలుగు చిన్న ఫీచర్లు, ఒక డేటాబేస్ మార్పు, ఒక పాత లైబ్రరీ అప్‌గ్రేడ్. ప్రతిదానికీ ఆ పని మొదలవకముందు కమిట్‌కు, అంటే మార్పుల చరిత్ర దాచే గిట్‌లో భద్రపరిచిన దశకు, వెనక్కి వెళ్లి, ఒకే మాటలతో ఒక్కో టూల్‌కు ఇవ్వండి. తర్వాతి కమిట్లు ఆ ఫోల్డర్‌లో కనపడకుండా కొత్త కాపీ తీయాలి, లేకపోతే ఏజెంట్ గిట్ చరిత్రలోంచి జవాబు తవ్వుకుంటుంది. రాసుకోవాల్సినవి: మనిషి కేటాయించిన నిమిషాలు, ఎన్నిసార్లు దిద్దమని చెప్పాల్సి వచ్చింది, అడగని ఫైళ్లు ఎన్ని ముట్టుకుంది, ఖర్చు. అడగని ఫైళ్ల లెక్కను తేలిగ్గా తీసుకోవద్దు. రివ్యూ చేసేవాళ్ల సమయాన్ని తినేది అదే.

గడియారం పెట్టే కొలవండి, "త్వరగా అయినట్టుంది" అన్నమాట నమ్మొద్దు. ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ 2025 జులైలో ఒక ప్రయోగం ఫలితం ఇచ్చింది. 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు, కొన్ని ఏఐతో, కొన్ని లేకుండా. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయ్యాక వాళ్లను అడిగితే 20 శాతం త్వరగా అయిందనుకున్నామన్నారు. 2025 ఆరంభంలోని టూల్స్‌తో, తలపండినవాళ్లతో చేసిన ప్రయోగం అది. కొత్త ప్రాజెక్టులో, తెలియని లైబ్రరీతో ఫలితం వేరుగా ఉండొచ్చు. మనకు అనిపించేదానికీ గడియారానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మాత్రం అందులో కనబడుతుంది.

ఆరుగురికీ ఒకే టూల్ ఉండాలన్న నియమం అవసరమా అన్నది మా అనుమానం. ఫ్లట్టర్ తెరలు దిద్దేవాళ్లకు పక్కనే మార్పు కనిపించే కర్సర్ లాంటిది సుఖం. సర్వర్ పని చేసేవాళ్లకు టెర్మినల్ ఏజెంట్ నయం, పరీక్షలు తానే నడుపుకుంటుంది. అందరికీ ఒకటిగా ఉండాల్సింది ప్రాజెక్టు ఫోల్డర్‌లోని నియమాల ఫైలు. ఏజెంట్స్ డాట్ ఎండీ అన్న పేరుతో పెడితే కోడెక్స్, కర్సర్, కోపైలట్ చదువుతాయి. క్లాడ్ కోడ్‌కు క్లాడ్ డాట్ ఎండీ ఉంటుంది, అందులోంచి మొదటిదాన్ని చదవమని ఒక వరుస రాస్తే చాలు. ఫైలు ఒక పేజీ దాటనివ్వొద్దు. పరీక్షలు నడిపే కమాండు, ముట్టుకోకూడని ఫోల్డర్లు, డబ్బు పైసల్లో అన్న నియమం. కవిత్వం అక్కర్లేదు.

ప్రశ్న: దామలచెరువు మామిడి మండీలో కమీషన్ ఏజెంట్లకు యాప్ చేసిచ్చినాను, లవబుల్, సూపాబేస్ (ఆన్‌లైన్ డేటాబేస్)తో. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అందులో ఉన్నాయి. లాగిన్ పెట్టినాను కదా, భద్రమేనా?

జవాబు: లాగిన్ తెర తలుపు లాంటిది, గోడ కాదు. సూపాబేస్‌లో యాప్ వాడే అనాన్ కీ బ్రౌజర్లో అందరికీ కనబడుతుంది. అది కనబడేలా చేసిందే, తప్పు లేదు. గోడగా పనిచేయాల్సింది ఒక్కో పట్టిక మీద పెట్టే రో లెవల్ సెక్యూరిటీ (ఏ వరుసను ఎవరు చూడొచ్చో చెప్పే నియమాలు). అది ఆన్ చేయకపోతే ఆ కీ తీసుకుని ఎవరైనా పట్టిక మొత్తం దించుకోవచ్చు. 2025లో లవబుల్‌తో చేసిన చాలా యాప్‌లలో ఇదే లోపం బయటపడి, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2025-48757 అన్న నంబరు కింద నమోదయింది.

ఈ రోజే చేయాల్సిన పరీక్ష. ఇద్దరు ఏజెంట్ల పేరుతో ఖాతాలు తెరవండి. మొదటి ఖాతాలో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, రైతుల జాబితా వచ్చే అభ్యర్థనను కర్ల్ కమాండుగా కాపీ చేయండి. అందులోని లాగిన్ టోకెన్ తీసేసి, అనాన్ కీ ఒక్కటే ఉంచి టెర్మినల్‌లో నడపండి. ఖాళీ బ్రాకెట్లు వస్తే మంచిది. పేర్లు వచ్చాయంటే యాప్ ఆపేసి సరిచేయండి. తర్వాత రెండో ఏజెంట్ టోకెన్ పెట్టి మొదటి ఏజెంట్ రైతులను అడగండి. అదీ ఖాళీగానే రావాలి.

సరిచేయమన్నప్పుడు ఒక మోసం ఉంటుంది. సెక్యూరిటీ ఆన్ చేయగానే యాప్‌లో ఎర్రర్లు వస్తాయి. ఎర్రర్ పోగొట్టమంటే టూల్ "యూజింగ్ ట్రూ" అని పాలసీ రాసేస్తుంది, అంటే తాళం వేసి తాళంచెవి దానికే వేలాడదీయడం. డ్యాష్‌బోర్డులో సెక్యూరిటీ ఆన్ అని పచ్చగా కనబడుతుంది. పాలసీలన్నీ ఒకసారి మీరే చదవండి. ప్రతిదాంట్లో లాగిన్ అయినవాళ్ల ఐడీ, ఆ వరుస యజమాని ఐడీ ఒకటేనా అన్న పోలిక ఉండాలి. ఈ గోడను దాటిపోయే సర్వీస్ రోల్ కీ బ్రౌజర్ కోడ్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే తీసేస్తే సరిపోదు, ఆ కీని మార్చేయాలి, పాతది గిట్ చరిత్రలో మిగిలే ఉంటుంది.

రేజర్‌పే కూడా పెట్టారని రాశారు. రెండు చూసుకోండి. మొత్తం పైసల్లో పంపాలి, రూ.500కు 50000. టూల్ 500 అని పంపితే కస్టమర్ ఐదు రూపాయలు కట్టి వెళ్లిపోతారు. చెల్లింపు అయిందని బ్రౌజర్ చెప్తే నమ్మకూడదు, రేజర్‌పే పంపే డిజిటల్ సంతకాన్ని సర్వర్‌లో సరిచూసిన తర్వాతే రసీదు ఇవ్వాలి.

ప్రశ్న: ఒకటి సరిచేయమంటే ఇంకొకటి చెడగొడుతుంది. నిన్న పనిచేసిన తెర ఈ రోజు లేదు. ఎట్ల చేసేది? (పుత్తూరు)

జవాబు: గిట్ వాడటం లేదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ప్రతి పని చెప్పేముందు కమిట్, పని అయ్యాక డిఫ్ (ఏ వరుసలు మారాయో చూపేది) చదవడం, నచ్చకపోతే దిద్దమని బతిమాలకుండా వెనక్కి వెళ్లిపోవడం. రెండుసార్లు చెప్పినా అదే తప్పు చేస్తుంటే ఆ సంభాషణ అక్కడితో ఆపండి. తప్పు ప్రయత్నాలన్నీ దాని ముందే పడి ఉంటాయి, మళ్లీ వాటినే చదువుకుని అదే దారిలో వెళ్తుంది. కొత్త సెషన్ తెరిచి, నేర్చుకున్న విషయం ఒక్కటి చెప్పి మొదలుపెట్టండి. ఒకసారికి ఒకే పని ఇవ్వండి. "లాగిన్ సరిచెయ్యి, రంగులు మార్చు, రిపోర్టు కూడా పెట్టు" అని కలిపి చెప్తే ఏది దేన్ని చెడగొట్టిందో మీకూ తెలియదు, దానికీ తెలియదు. అసలు డేటా ఉన్న డేటాబేస్ పాస్‌వర్డు టూల్ ఉండే ఫోల్డర్‌లో పెట్టొద్దు, కాపీ డేటాబేస్ ఒకటి ఇవ్వండి.

ప్రశ్న: చంద్రగిరిలో ట్యూషన్ సెంటర్. 180 మంది పిల్లలు. హాజరు యాప్ ఏఐతో తయారైంది. ప్లే స్టోర్‌లో ఎలా పెట్టాలి? తల్లిదండ్రులకు తెలుగులో ఎస్ఎంఎస్ వెళ్లాలి.

జవాబు: యాప్ వాడేది మీ టీచర్లు నలుగురైతే ప్లే స్టోర్ అక్కర్లేదు. వెబ్ యాప్‌గా చేసి ఫోన్ తెర మీద ఐకాన్ పెట్టుకోండి. పెట్టే తీరాలంటే ఖాతాకు ఒకసారి 25 డాలర్లు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు 14 రోజులు వరుసగా చేరి ఉండాలి. మధ్యలో ఒకరు తప్పుకుని సంఖ్య 12 లోపు పడితే లెక్కకు రాదు, కాబట్టి పదిహేను మందిని చేర్చండి. ఫైలు ఏఏబీ రకంలో ఇవ్వాలి. సంతకం చేసే కీస్టోర్ ఫైలును టూల్ గిట్‌లోకి ఎక్కించలేదు కదా చూసుకోండి. పిల్లల వివరాలు కాబట్టి 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలని ఉంది. అడ్మిషన్ ఫారంలోనే ఒక సంతకం తీసుకోండి.

ఎస్ఎంఎస్ దగ్గర ఏఐ టూల్స్ చెప్పనిది ఒకటుంది. అవి ఏదో గేట్‌వే కోడ్ రాసిచ్చి అయిపోయిందంటాయి. మన దేశంలో ముందు డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల మెసేజ్ నమోదు వేదిక) సంస్థ పేరు, హెడర్ (పంపేవారి గుర్తు), మెసేజ్ నమూనా మూడూ నమోదు కావాలి. నమూనాకు ఒక్క చుక్క తేడా ఉన్నా మెసేజ్ అవతలికి చేరదు, మీ ప్రోగ్రామ్‌లో మాత్రం పంపినట్టే కనబడొచ్చు. ఇంగ్లిష్ మెసేజ్ ఒకదానికి 160 అక్షరాలు, తెలుగుకు 70. దాటితే ఒక్కో ముక్కకు 67 చొప్పున లెక్క. గుణింతాలు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి "శ్రీ" ఒక్కటే నాలుగు. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం పడినా మొత్తం 70 లెక్కలోకి మారిపోతుంది. "మీ అబ్బాయి ఈ రోజు ట్యూషన్‌కు హాజరు కాలేదు, దయచేసి కారణం మాకు తెలియజేయగలరు" అంటే 70 దాటి రెండు మెసేజ్‌ల డబ్బు. "మీ అబ్బాయి ఈరోజు ట్యూషన్‌కు రాలేదు" అంటే ఒకదాంట్లో సరిపోతుంది. నమూనా నమోదుకు పంపేముందే పొడవు లెక్కపెట్టే చిన్న పేజీ ఒకటి టూల్‌తో రాయించుకోండి, పది నిమిషాల పని.